రాజోలు పేరున్న రాయి రాజోల్లో కనపడదేం?

లంకపిల్లోడు (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. డాబా మీద గది వేస్తున్నాం. స్లాబుకని నిన్న నల్ల కంకర దింపించాం. పంగిడి సరుకని లారీ అతను చెప్పాడు. నీళ్ళు కొడుతుంటే కొన్ని ముక్కల్లో కందిగింజంత కన్నాలు, ఇంకొన్నిట్లో ఆ కన్నాల నిండా తెల్లటి పలుకులు కనిపించాయి. "అగ్నిపర్వతం రాయిరా అది" అన్నారు మా బాబాయి. ఆయన అన్నీ అలాగే అంటార్లే అనుకుని రాత్రి నెట్‌లో వెతికితే, డెల్టా కింద ఉన్న లావా పొర పేరు "రాజోలు ఫార్మేషన్" అట!

మా ఊరి పేరండీ బాబూ. ఇక్కడ కొడవలి నూరుకుందామన్నా రాయి దొరకదు. బట్టలుతికే బండ కూడా బయటినుంచి రావాల్సిందే. అలాంటి ఊరి పేరు రాతికెలా వచ్చింది? నా దగ్గరున్న కంకర అదేనా? దాని వయసు ఎలా కడతారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 10:05)

కార్బన్ టెస్టు చేయిస్తే ఎన్నేళ్ళో తేలిపోతుంది తమ్ముడూ. టీవీలో చూపిస్తారుగా. ఈలోపు స్లాబు మాత్రం ఆపకు, సిమెంటు గడ్డకట్టేస్తుంది.

నల్లరాతిమాస్టారు (సోమవారం, ఉదయం 6:20)

గోదారిగట్టు గారూ, కార్బన్ దీనికి పనికిరాదండి. కార్బన్-14 సగమవడానికి 5,730 ఏళ్ళు. 50 వేల ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. పైగా అది ఒకప్పుడు బతికినదాంట్లో ఉండాలి: కొయ్య, గవ్వ, ఎముక. లంక మట్టి తవ్వుతుంటే ఆల్చిప్ప దొరికిందనుకోండి, అప్పుడు అడగండి కార్బన్.

బాబూ లంకపిల్లోడూ, చమురు, గ్యాస్ కోసం లోతు బావులు తవ్వినప్పుడు తగిలిన పొరలకి ఇక్కడి ఊళ్ళ పేర్లు పెట్టారు. అలా డెల్టా కింద మన ఊళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. రాజోలు లావా మీద పాలకొల్లు షేల్ (షేల్ అంటే బంకమన్ను గట్టిపడ్డ రాయి), దాని మీద పాశర్లపూడి, ఇంకా పైన వాడపర్రు, మత్స్యపురి, రవ్వ. రాజోలు కింద తిరుపతి ఇసుకరాయి, దానికింద రాఘవాపురం షేల్. బస్సు రూటులా చదువుకోవచ్చు, కాకపోతే నిలువుగా.

ఈ లావాయే గోదావరికి రెండు గట్లనా నేలమీద కనిపిస్తుంది. ఇటు కాతేరు, దివాన్‌చెరువు, అటు పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. అక్కడ దాని పేరు రాజమండ్రి ట్రాప్స్. పొరలన్నీ సముద్రం వైపు వాలి ఉన్నాయి. అందుకే కొవ్వూరు వైపు గునపానికి తగిలే రాయి, మీ ఊరి దగ్గరికొచ్చేసరికి కిలోమీటర్ల లోతుకి దిగిపోయింది. ఆ పైనంతా నది తెచ్చి పోసిన బంకమన్ను, ఇసుక. మీకు కొడవలి రాయి దొరకకపోవడానికి కారణం అదే.

ఇక నీ కంకర. నల్లగా ఉన్నదల్లా లావా కాదు. మన కొండల్లో చార్నకైట్ అని ఇంకో నల్లరాయి ఉంది, అదీ క్రషర్లకి వెళుతుంది. దాంట్లో గింజలు కంటికి ఆనతాయి, విరిచిన చోట జిడ్డు మెరుపు ఉంటుంది. లావా గడ్డకట్టిన రాయిని బసాల్టు అంటారు, దాంట్లో గింజ కంటికి ఆనదు. నీకు కనిపించిన కన్నాలు లావాలోంచి గ్యాస్ బుడగలు పోయిన గుర్తులు. తర్వాత ఊటనీరు ఆ కన్నాల్లో తెల్ల ఖనిజాలు పేర్చింది. బాత్రూం కడిగే యాసిడ్‌లో నీళ్ళు కలిపి ఒక్క చుక్క వెయ్యి. బుసబుస పొంగితే కాల్సైటు, పొంగకపోతే జియోలైటో చాల్సెడనీయో. చేతులు జాగ్రత్త. కన్నాలు, పలుకులు మరీ ఎక్కువున్న ముక్కలు స్లాబులో వెయ్యకు, బలం తక్కువ.

క్రషర్‌సూపర్వైజర్ (సోమవారం, మధ్యాహ్నం 1:15)

మాస్టారికి నమస్కారం. నేను ఆ వైపు క్రషర్లలో పదిహేనేళ్ళు పనిచేశాను. మేం చూసేది ఇది: పైన నల్లరాయి, మధ్యలో తెల్లగా, పచ్చగా సున్నపురాయి, బంకమట్టి, మళ్ళీ కింద నల్లరాయి. మధ్య పొర తగిలితే మాకు తలనొప్పి. కంకరలో మట్టి కలిసిందని బిల్డర్లు లారీ వెనక్కి పంపేస్తారు. గౌరీపట్నం దగ్గర ఒక క్వారీ పేరే సున్నంగట్టు. పేరు పెట్టినోళ్ళకి జియాలజీ తెలుసో లేదో గానీ పొర మాత్రం బాగా తెలుసు.

ఒక అనుమానం మాస్టారూ. కింద రాయి, పైన రాయి రెండూ ఒకటే కదా. మధ్యలో ఆ సున్నం ఎలా దూరింది?

నల్లరాతిమాస్టారు (సోమవారం, రాత్రి 8:50)

దూరలేదు నాయనా. కింద లావా చల్లారి, బండబారి, పైపైన శిథిలమై ఎర్రబడ్డాక, దాని మీద నీళ్ళు నిలిచి ఆ సున్నం పేరుకుంది. తర్వాత రెండో లావా వచ్చి కప్పేసింది. ఆ మధ్య పొరని ఇంటర్‌ట్రాపియన్ అంటారు. విలియం కింగ్ అనే ఆయన 1880లో గోదావరి జిల్లా కోస్తా రాళ్ళ మీద భూవిజ్ఞాన సర్వేకి రాసిన గ్రంథం నాటికే ఇక్కడి పొరలు పండితుల నోళ్ళలో నానుతున్నాయి.

నీ అనుమానం మంచిదే. కొన్నిచోట్ల శిలాద్రవం పాత పొరల మధ్యలోకి చొరబడి గడ్డకడుతుంది. దాన్ని సిల్ అంటారు. అలాంటప్పుడు వరస చూసి వయసు చెప్తే పప్పులో కాలేసినట్టే. తేడా ఎలా పట్టాలి? సిల్ అయితే పైనున్న పొరనీ, కిందున్న పొరనీ రెంటినీ కాల్చేస్తుంది. పైనుంచి పారిన లావా అయితే తన కిందున్నదాన్నే కాలుస్తుంది. దాని నెత్తిన బుడగల కన్నాలు, శిథిలమైన ఎర్రమట్టి ఉంటాయి, పైన పేరుకున్న పొరలో దాని ముక్కలే దొరుకుతాయి. ఈసారి పేలుడు జరిగాక కొత్త గోడ కనిపిస్తే, సున్నం అడుగున నల్లరాయి నలుసులు ఉన్నాయేమో చూడు.

అంకెలుచూపించు (సోమవారం, రాత్రి 9:30)

ఇవన్నీ సరే. రాజమండ్రి దగ్గర అగ్నిపర్వతం ఎక్కడుంది? లావా మహారాష్ట్ర నుంచి వచ్చిందని ఎక్కడో చదివాను. వెయ్యి కిలోమీటర్లు పారేదాకా చల్లారకుండా ఉంటుందా? మా ఇంట్లో టీ బల్లదాకా వచ్చేలోపే చల్లారిపోతుంది.

నల్లరాతిమాస్టారు (సోమవారం, రాత్రి 10:40)

మీ టీకి మీగడ కట్టనివ్వండి, అప్పుడు చూడండి ఎంతసేపు వేడిగా ఉంటుందో.

కుంపట్లో బూడిద కింద నిప్పు తెల్లారేదాకా ఉంటుంది కదా. లావా పైన అలాగే గట్టి పెంకు కడుతుంది, లోపల ద్రవం కదులుతూనే ఉంటుంది. వెనకనుంచి తోసేకొద్దీ పెంకు పైకి ఉబ్బుతుంది, ముందుకి కొత్త నాలుక సాగుతుంది. పైగా అది మైదానమంతా పరుచుకుంటూ రాలేదు, అప్పటి నదీ లోయలు పట్టుకుని వచ్చిందని 2008లో ఒక పరిశోధన బృందం వాదించింది. ఆ లెక్కన ఇవి భూమ్మీద తెలిసిన లావా ప్రవాహాల్లో అతి పొడవైనవి.

సాక్ష్యం రాతి రసాయనంలో ఉంది. ఇక్కడి కింది లావా పడమటి కనుమల్లోని అంబేనలి పొరతో, పై లావా మహాబలేశ్వర్ పొరతో సరిపోలుతున్నాయి. గోదావరి పుట్టేదీ ఆ కనుమల్లోనే, త్ర్యంబకంలో. నది కంటే ముందే రాయి ఆ దారిన పుష్కరాలకి వచ్చిందనుకోండి.

గోదారిగట్టు (మంగళవారం, ఉదయం 7:10)

లావా సంగతి అలా ఉంచండి, ఇన్ని బోర్లు వేసి కింద ఉన్నదంతా తోడేస్తుంటే మా కోనసీమ కుంగిపోదా? 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి ఎగదన్నిన బ్లోఅవుట్ 65 రోజులు మండింది. ఆ మంట రాత్రిపూట మా ఊరి డాబా మీదికి కనిపించేది. అది ఎవరూ మాట్లాడరేం?

మోడరేటర్ (మంగళవారం, ఉదయం 8:00)

కుంగుబాటు మీద వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ రాళ్ళు, వాటి వయసు మాత్రమే.

లంకపిల్లోడు (మంగళవారం, సాయంత్రం 6:30)

యాసిడ్ చుక్క వేశాను మాస్టారూ. మూడు ముక్కలు పొంగలేదు, ఒకటి సోడాలా పొంగింది! మా అమ్మ తిట్టింది, డబ్బా దాచేసింది.

ఇంకో ప్రశ్న. మధ్యలో సున్నం ఉందంటే అప్పుడు అక్కడ సముద్రం ఉందనేగా? లోతు సముద్రమా, ఒడ్డా? రాయి చూసి లోతు చెప్పొచ్చా?

సూక్ష్మదర్శిని (మంగళవారం, రాత్రి 11:20)

చాలారోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నా పని లోతు బావుల్లోంచి వచ్చిన రాతిపొడిని కడిగి, జల్లించి, అందులోని గుల్లలు లెక్కపెట్టడం. గుల్లలంటే మీరనుకునేవి కాదు, ఇసుక రేణువంత ఉంటాయి. ఫొరామినిఫెరా అంటారు. ఒకే కణం ఉన్న జీవి కట్టుకున్న సున్నపు ఇల్లు.

తమ్ముడూ, లోతు చెప్పొచ్చు. దుద్దుకూరు వైపు మధ్య పొరలో ఆల్చిప్పలు, సున్నం కట్టే నాచు దొరుకుతాయి. నాచుకి ఎండ కావాలి. అంటే అక్కడ నీళ్ళు లోతు లేవు, ఏటి మొగకి దగ్గరి ఉప్పునీటి మడుగు లాంటిది. పాలకొల్లు, నరసాపురం వైపు బావుల్లో మాత్రం అదే కాలపు పొరల్లో నీటిలో తేలే జాతుల గుల్లలు వస్తాయి, అంటే అటు బయటి సముద్రం. ఒడ్డు నుంచి దూరం వెళ్ళేకొద్దీ తేలే గుల్లల వాటా పెరుగుతుంది, అడుగున పాకే వాటి వాటా తగ్గుతుంది. అడుగున పాకేవాటిలోనూ ఏ లోతుకి ఆ జాతులు ఉంటాయి.

గుల్లలు లేకపోయినా గుర్తులున్నాయి. గోదారి వరదనీళ్ళు బిందెలో పట్టి కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన మెత్తటి బంక. లోతు సముద్రంలోనూ ఇదే జరుగుతుంది. ఒడ్డున పేరుకున్న మట్టి ఒకనాడు జారి, నీటి కింద వరదలా వాలు వెంట దూసుకుపోయి, అడుగుకి చేరి నిదానంగా తేరుకుంటుంది. కింద ముతక, పైన మెత్తన. తర్వాత ఏళ్ళ తరబడి బంకమన్ను. మళ్ళీ ఇంకో వరద. ఒక్కో వరదకి ఒక్కో జత, అలా వందల జతలు. ఈ పొరల వరసని బౌమా 1962లో అయిదు భాగాలుగా విడదీశాడు, ఇప్పటికీ కోర్ (బావిలోంచి గొట్టంతో కోసి తీసిన రాతి కడ్డీ) చూడగానే మేం వెతికేది అదే. వీటిని టర్బిడైట్లంటారు. 2002లో మన తీరానికి అవతల సముద్రంలో బయటపడ్డ కేజీ (కృష్ణా-గోదావరి) డీ6 గ్యాస్ కూడా అలాంటి నీటి కింది కాలువలు తెచ్చి పోసిన ఇసుకలోదే. అలల గుర్తులు, ఏటవాలు ఇసుక పొరలు, ఎండి బీటలు వారిన మట్టి కనిపించాయా, అది లోతు కాదు.

2006లో మన తీరానికి అవతల లోతు సముద్రంలో తవ్వినప్పుడు ఒకచోట బంకమట్టి పగుళ్ళలో దాదాపు 130 మీటర్ల మందాన గడ్డకట్టిన గ్యాస్ దొరికింది. అదే తవ్వకాల్లో తీసిన ఇంకో కోర్‌లో గత 4 వేల ఏళ్ళ మట్టి చూస్తే, దక్కను లావా శిథిలమై ఏర్పడ్డ నల్లనేల వాటా పెరుగుతూ వచ్చింది. వానలు తగ్గి, సాగు పెరిగి, పైన నేల కొట్టుకొచ్చిందని ఆ పని చేసినవాళ్ళ మాట. అంటే మాస్టారు చెప్పిన లావా ఇంకా వస్తూనే ఉంది, పొడి రూపంలో.

లావా నేరుగా నీళ్ళలో పొంగితే అది వేరే కథ. చన్నీళ్ళు తగలగానే తలగడల్లా ఉండలు కడుతుంది. చిత్రదుర్గ దగ్గర మరడిహళ్ళిలో అలాంటివి ఉన్నాయి, వయసు 250 కోట్ల ఏళ్ళు. మన నెల్లూరు జిల్లా కండ్ర దగ్గర కూడా తలగడ లావాలు ఉన్నాయి, అది 185 కోట్ల ఏళ్ళనాటి సముద్రపు అడుగు ముక్క అంటారు. అక్కడ గుల్లలు దొరకవు, జిర్కాన్ అనే ఖనిజపు గింజల్లో యురేనియం ఎంత సీసంగా మారిందన్న లెక్కే దిక్కు.

అంకెలుచూపించు (బుధవారం, ఉదయం 9:00)

మేడమ్ బాగా చెప్పారు. కానీ వయసు దగ్గరికొచ్చేసరికి ఎవరికీ నిలకడ లేదు. 2003లో అచ్చయిన కొలతలో రాజమండ్రి లావా 6.47 కోట్ల ఏళ్ళు. రాక్షసబల్లులు పోయింది 6.6 కోట్ల ఏళ్ళ కిందట అంటారు. మరి రాక్షసబల్లుల్ని ఈ లావాలే చంపాయని ఎలా అంటారు? పోయాక 13 లక్షల ఏళ్ళకి వచ్చిన లావా ఎలా చంపుతుంది?

సూక్ష్మదర్శిని (బుధవారం, రాత్రి 10:10)

రెండు వేరువేరు కొలబద్దలతో కొలిచి తీసివేత చేశారండీ. తులాలకీ గ్రాములకీ తేడా చూడకుండా బంగారం లెక్క కట్టినట్టు.

ఆర్గాన్ పద్ధతి ఇలా ఉంటుంది. రాతిలో పొటాషియం-40 ఉంటుంది, 125 కోట్ల ఏళ్ళకి సగమవుతుంది. అందులో కొంత ఆర్గాన్ వాయువుగా మారి గింజలో చిక్కుకుంటుంది. రాయిని రియాక్టర్లో పెట్టి, తర్వాత మెల్లగా వేడిచేస్తూ వాయువుని అంచెలంచెలుగా వదిలిస్తారు. అన్ని అంచెల్లోనూ ఒకే వయసు వస్తే నమ్ముతారు. రాయి శిథిలమైతే ఆర్గాన్ కారిపోయి వయసు తక్కువ చూపిస్తుంది. కన్నాల్లో తెల్ల పలుకులున్న మన తమ్ముడి ముక్క ల్యాబుకి పంపితే వాళ్ళు తీసుకోరు, ఆ పలుకులు తర్వాతెప్పుడో వచ్చినవి.

ఈ పద్ధతిలో మన రాయితోపాటు, వయసు తెలిసిన రాయి ఒకటి తూకపురాయిలా పెడతారు. ఎక్కువమంది వాడేది అమెరికాలో ఫిష్ కాన్యన్ అనే చోటి ఖనిజం. దాని వయసు 1998 లెక్కలో 2.802 కోట్ల ఏళ్ళు, 2008లో దాన్ని 2.8201 కోట్లకి సవరించారు. అంటే పాత ఆర్గాన్ వయసులన్నీ దాదాపు 0.65 శాతం పైకి జరగాలి. 6.47 కోట్లకి ఇంచుమించు 4 లక్షల ఏళ్ళు కలుస్తుంది. పైగా ఆ కొలతకే అటూఇటూ 6 లక్షల ఏళ్ళ తేడా ఉందని వాళ్ళే రాశారు. రాక్షసబల్లులు పోయిన కాలపు హద్దు కూడా పాత పుస్తకాల్లో 6.5 కోట్లు, ఇప్పుడు 6.6. హద్దు జరగలేదండీ, కొలబద్ద జరిగింది. పాత అంకె పక్కన పాత అంకె పెట్టండి, రెండూ ఒకచోటికి వస్తాయి.

అయినా నేను ఒక్క అంకె మీద ఆధారపడను. ఇంకో ఇద్దరు సాక్షులున్నారు. లావా చల్లారేటప్పుడు అప్పటి భూమి అయస్కాంత దిశ అందులో నిలిచిపోతుంది. రాజమండ్రి కింది లావాలో ఉత్తరం దక్షిణం తిరగబడి ఉంది, పై లావాలో ఇప్పటిలా ఉంది. రాక్షసబల్లుల హద్దు ఆ తిరగబడ్డ కాలంలోనే వస్తుంది. ఇక మధ్య సున్నంలో, 2008లో అచ్చయిన పనిలో, హద్దు దాటిన వెంటనే పుట్టిన బుల్లి ఫొరామినిఫెరా జాతులు దొరికాయి. లావాల కింద పొరల్లోకి వెళితే గ్లోబోట్రంకానా అనే క్రెటేషియస్ (హద్దుకి ముందు, రాక్షసబల్లులున్న కాలపు) జాతులు. ముగ్గురు సాక్షులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే మాట చెప్పారు. ఎవరు ఎవర్ని చంపారన్నది ఇంకా కొట్టుకుంటున్నారు, దాంట్లోకి నన్ను లాగకండి.

అంకెలుచూపించు (గురువారం, ఉదయం 7:45)

కొలబద్ద సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. చంపిన కేసు మాత్రం వదలను, వేరే చర్చ మొదలుపెడతాను.

బోరుబండి (గురువారం, మధ్యాహ్నం 2:30)

మేం వేసే నీళ్ళ బోర్లలో కిందనుంచి వచ్చే మట్టిలో పైమట్టి కలిసిపోతుంది. అంతలోతు బావిలో గుల్ల ఏ లోతుదో ఎలా నమ్ముతారు మేడమ్?

సూక్ష్మదర్శిని (గురువారం, రాత్రి 9:15)

అన్నా, మా పనిలో పెద్ద టెన్షన్ అదే. పైగోడ రాలి కిందికి పడుతుంది కాబట్టి కొత్త జాతి కింద కనిపించినా నమ్మం. పాత జాతి కిందనుంచి పైకి ఎగరలేదు కదా. అందుకే పైనుంచి దిగుతుంటే ఒక జాతి మొదటిసారి ఎక్కడ తగులుతుందో ఆ లోతే రాసుకుంటాం. గొట్టంలో కోసి తీసిన కోర్ ఉంటే ఈ గొడవ ఉండదు. దానికి ఖర్చెక్కువ, కొద్ది మీటర్లే తీస్తారు.

లంకపిల్లోడు (ఆదివారం, రాత్రి 8:25)

ఇవాళ బాబాయిని బండి మీద ఎక్కించుకుని గౌరీపట్నం వెళ్ళొచ్చాను. ముందు నిర్మలగిరి, తర్వాత క్వారీలు. సూపర్వైజర్ అన్న ఫోన్ చేసి చెప్పిపెట్టారు, థాంక్స్ అన్నా. దూరం నుంచే చూశాం. నల్లగోడ, మధ్యలో తెల్లచార, మళ్ళీ నల్లగోడ. మాస్టారు చెప్పినట్టే! బాబాయి ఇక నన్ను బతకనివ్వరు, "నేను చెప్పలే" అని ఇప్పటికి నలభైసార్లు అన్నారు.

గోడ కింద రాళ్ళకుప్ప పక్కన ఒక ఆల్చిప్ప దొరికింది, ఫొటో పెట్టాను. 6.6 కోట్ల ఏళ్ళ చిప్ప నా జేబులో ఉందంటే చెయ్యి వణుకుతోంది.

నల్లరాతిమాస్టారు (ఆదివారం, రాత్రి 9:00)

ఆల్చిప్పే. కానీ గోడలోంచి తీశావా, నేలమీద ఏరావా?

లంకపిల్లోడు (ఆదివారం, రాత్రి 9:04)

నేలమీదేనండి.

క్రషర్‌సూపర్వైజర్ (ఆదివారం, రాత్రి 9:30)

తమ్ముడూ, చెప్పడానికి బాధగా ఉంది. నువ్వు నిలబడిన చోట ఒకప్పుడు గుల్లసున్నం బట్టీ ఉండేది. కాల్చడానికి చిప్పలు తీరంనుంచి బస్తాల్లో తెచ్చేవారు. ఇప్పటికీ తవ్వితే వస్తుంటాయి.

సూక్ష్మదర్శిని (ఆదివారం, రాత్రి 10:00)

ఫొటోలో లోపలివైపు ముత్యపు మెరుపు ఇంకా ఉంది. చేతిలో తేలిగ్గా ఉందా? సందుల్లో పట్టుకున్న రాయేమైనా ఉందా, లేక ఉత్త మట్టేనా? రాతిలోంచి వచ్చిన చిప్పకి ఎంతో కొంత సున్నపురాయి అంటుకునే ఉంటుంది.

లంకపిల్లోడు (ఆదివారం, రాత్రి 10:12)

తేలిగ్గానే ఉందండి. కడిగితే మట్టంతా పోయింది. బాబాయికి ఇంకా చెప్పలేదు.

క్రషర్‌సూపర్వైజర్ (ఆదివారం, రాత్రి 10:20)

వచ్చే ఆదివారం రా. ఆరోజు పేలుళ్ళు ఉండవు. హెల్మెట్ తెచ్చుకో, కింది మెట్టు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. గోడలో ఉండగానే ఫొటో తీసి, ఎంత ఎత్తులో ఉందో రాసుకుని, అప్పుడు తీద్దాం. స్లాబు ఎప్పుడు?

లంకపిల్లోడు (ఆదివారం, రాత్రి 10:26)

బుధవారం అన్నా. పలుకులున్న ముక్కలు ఒక తట్టెడు ఏరి పక్కన పెట్టాం. మా అమ్మ వాటిని తులసికోట చుట్టూ పేర్చింది.